ఉద్దానంలో పెంకుటింటికి ఏ రేకు వేస్తే గాలికి ఆగుతుంది?

మీరు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు ఊరు, సముద్రం రెండు కిలోమీటర్ల లోపే, తాతగారి కాలం నాటి పెంకుటిల్లు, 20 అడుగులు 30 అడుగులు, మీరు హైదరాబాదులో, అమ్మానాన్న అందులోనే ఉంటున్నారు. తిత్లీ తుపాను అప్పుడు సగం పెంకులు ఎగిరిపోతే సర్దించుకుంటూ వచ్చారు, ఇప్పుడు విసుగొచ్చి పెంకులన్నీ దింపేసి రేకులు వేయిద్దాం అనుకుంటున్నారు. సిమెంటు రేకా, కలర్ రేకా, అల్యూమినియమా, యూపీవీసీనా (ఒక రకం గట్టి ప్లాస్టిక్), ఏది వేస్తే గాలికి లేవకుండా ఉంటుంది అని. అంతే కదా.

నేను పలాస, టెక్కలి, సోంపేట చుట్టుపక్కల ఇరవై రెండేళ్ళుగా షెడ్లు, ఇళ్ళ కప్పులు వేస్తున్నా. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత ఆర్నెల్లు విశాఖలోనే పని, తిత్లీ తర్వాత ఏడాదిన్నర ఊళ్ళోనే పని. కాబట్టి లేచిపోయిన కప్పులు చాలా చూశాను, అందులో నేను వేసినదీ ఒకటుంది, అది కూడా చెప్తాను దాచుకోవడం ఎందుకు.

ముందు ఒక మాట. అవే గోడలు, అవే దూలాలు ఉంచేసి పైన పెంకులు దింపి రేకులు కొట్టించారంటే, ఎంత ఖరీదైన రేకు తెచ్చినా సరే, మీ ఇల్లు ఇప్పుడున్నదానికంటే ఎక్కువ అపాయంలో పడుతుంది. చాలామంది దీన్ని నమ్మరు. పెంకు ఎగిరింది కాబట్టి పెంకు బలహీనం, రేకుని స్క్రూలతో బిగిస్తాం కాబట్టి రేకు గట్టి అనుకుంటారు. లెక్క చూస్తే తిరగబడుతుంది.

గాలి కప్పుని కిందికి నొక్కుతుందని మనకి ఒక అపోహ. కొంతవరకే నొక్కుతుంది, ఎక్కువ భాగం పైకి లాగుతుంది. బస్సు స్పీడు అందుకోగానే కిటికీ కర్టెన్ బయటికి లాక్కుపోతుంది చూడండి, లోపల నుంచి ఎవరూ తొయ్యట్లేదు, బయట గాలి జోరుగా జారిపోతుంటే అటు ఒత్తిడి తగ్గి అదే లాగేసుకుంటుంది. కప్పుకీ అదే జరుగుతుంది. మన కోస్తాకి బీఐఎస్ (దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) వాళ్ళ కోడు, ఐఎస్ 875 మూడో భాగం, దాన్లో మ్యాపులో సెకనుకి 50 మీటర్ల గాలికి డిజైను చెయ్యమని ఉంటుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాదుకి 44. ఈ 50 మీటర్ల గాలికి చదరపు మీటరు మీద పడే బలం సుమారు 150 కేజీలు (50ని 50తో గుణించి 0.6తో గుణిస్తే 1500 న్యూటన్లు, పదితో భాగించుకోండి). గాలి స్పీడు రెట్టింపయితే బలం నాలుగు రెట్లు అవుతుంది, అది గుర్తు పెట్టుకోండి, 90కి ఏమీ కాలేదు కదా 180కీ ఆగుతుందిలే అనుకోవడం ఇక్కడే దెబ్బతింటుంది. ఇంకొకటి, కప్పు మధ్యలో లాగుడు ఒకలా ఉంటుంది, చూరు అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర దానికి ఒకటిన్నర రెండు రెట్లు ఉంటుంది. ఏ తుపానులో అయినా చూడండి, ముందు లేచేది మూల రేకే.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. 20×30 అంటే 56 చదరపు మీటర్లు. సగటున 150 చొప్పున వేసుకున్నా 8 టన్నుల పైన పైకి లాగుడు. మీ బంగళా పెంకు, అదే మంగుళూరు పెంకు, చదరపు మీటరుకి 40 కేజీల పైనే బరువు, దాని కింద వాసాలు రీపర్లు దూలాలు కలిపి ఇంకో 20 వేసుకోండి, మొత్తం మూడు, మూడున్నర టన్నులు గోడ మీద కూర్చుని ఉంది. కలర్ రేకు చదరపు మీటరుకి ఐదు కేజీలు కూడా ఉండదు, పైపులు యాంగిళ్ళు కలిపినా మొత్తం టన్ను, టన్నుంబావు. అంటే ఇన్నాళ్ళూ కప్పుని కింద కూర్చోబెట్టిన బరువులో రెండు టన్నుల పైన మీరే తీసేస్తున్నారు. ఎనిమిది టన్నులు లాగేదానికి మూడున్నర టన్నులు మాత్రం ఎలా ఆగింది అని అడుగుతారు. ఆగింది ఎందుకంటే పెంకుల మధ్య సందులున్నాయి. లోపలి గాలి ఆ సందుల్లోంచి పైకి పోయి పైనా కిందా ఒత్తిడి సర్దుకుంటుంది, అంచు పెంకులు, కొప్పు పెంకులు పోతాయి, పోయిన కొద్దీ కప్పుకి ఊపిరాడుతుంది, దూలాలు వాసాలు అలాగే ఉంటాయి. తెల్లారాక మీరు పెంకులు సర్దుకున్నారు. రేకుకి ఆ సందు లేదు, మొత్తం ఒక్క తెరచాప. పోతే మొత్తం పోతుంది, వాసాలతో సహా.

నాది పోయింది కూడా అలాగే. 2016లో ఒక జీడిపప్పు బట్టీకి షెడ్డు వేశాను, మంచి కలర్ రేకు, 0.5 ఎంఎం, స్క్రూలు కూడా కక్కుర్తి పడకుండా వేయించాను, ఆ ఓనరుకి గర్వంగా చెప్పాను కూడా, దీనికి ఢోకా లేదండీ అని. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140 నుంచి 150, మధ్యమధ్య విసురుకి 165 అన్నారు. మధ్యాహ్నం చెట్లు నరుక్కుంటూ అక్కడికి వెళ్తే షెడ్డు లేదు. పక్క కొబ్బరితోటలో తిరగబడిన గొడుగులా పడుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్క రేకు ఊడలేదు, ఒక్క స్క్రూ రాలేదు! స్తంభాల కింద బేస్ ప్లేట్లకి నాలుగేసి 10 ఎంఎం యాంకర్ బోల్టులు కొట్టాం, పాత నాలుగంగుళాల ఫ్లోరింగు కాంక్రీటులో. ఆ బోల్టులు కాంక్రీటు ముక్కతో సహా పైకి వచ్చేశాయి, కుండీలోంచి మొక్కని వేళ్ళూ మట్టితో పీకినట్టు. రేకు మీద డబ్బులు పెట్టించి పునాది మీద మిగిలించాను. సగం ఖర్చు నేనే భరించి మళ్ళీ వేశాను, ఈసారి గొయ్యి తవ్వి.

అందుకే ఎవరు ఏ రేకు అని అడిగినా నేను అడిగేది ఒకటే, ఆ రేకుని పట్టుకున్నది ఏమిటి, దాన్ని పట్టుకున్నది ఏమిటి, అలా నేలదాకా వెళ్ళండి. రేకుని స్క్రూ పట్టుకుంటుంది, స్క్రూని పర్లిన్ (రేకు కింద అడ్డంగా వేసే ఇనప పట్టె), పర్లిన్‌ని ట్రస్సు (కప్పుని మోసే ముక్కోణం ఫ్రేము), ట్రస్సుని స్తంభమో గోడ మీద కాంక్రీటు బెల్టో, దాన్ని పునాది. ఈ గొలుసులో ఏ కొక్కెం బలహీనమో గాలి దాన్నే వెతుక్కుంటుంది. మన వాళ్ళ పెంకుటిళ్ళలో సాధారణంగా ఆ కొక్కెం ఎక్కడ ఉంటుందంటే దూలానికీ గోడకీ మధ్య, ఎందుకంటే అక్కడ అసలు కొక్కెమే లేదు. దూలం ఊరికే గోడ మీద ఆనించి చుట్టూ ఇటుక కట్టేస్తారు. బరువుతో కూర్చుంటుంది. బరువు తీసేస్తే?

ఇక మీ గోడల సంగతి. తాతగారి కాలం అన్నారు కాబట్టి బహుశా మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడ, పైన సున్నమో సిమెంటో పూత ఉంటుంది. అలాంటి గోడలో మీరు ఎంత లావు బోల్టు దించినా పైనున్న రెండు వరసల ఇటుకలతో సహా లేచొస్తుంది. ఎవరైనా మేస్త్రి గోడకి యాంగిల్ క్లాంపులు కొట్టేద్దాం సార్, కెమికల్ (బోల్టుని రంధ్రంలో అతికించే జిగురు) వేద్దాం సార్ అంటే వద్దని చెప్పండి. సిమెంటుతో కట్టిన గోడ అయితే కొంత దారుంది, గోడ మీద చుట్టూ కాంక్రీటు బెల్టు పోసి అందులో ముందే 16 ఎంఎం బోల్టులు కనీసం ఒకటిన్నర అడుగు లోతుగా దించి, మూలల్లో, మధ్యలో ఆ బెల్టు నుంచి పునాది దాకా ఊచలు దించి కాంక్రీటు నింపాలి. మట్టి గోడకి నా సలహా వేరు. కప్పు బరువూ వద్దు, కప్పు లాగుడూ వద్దు, గోడకి ఏ సంబంధమూ లేకుండా గోడ పక్కనే ఎనిమిది స్తంభాలు లేపండి, ఒక్కో పొడుగు వైపు నాలుగు. గోడ ఊరికే తెరలా ఉంటుంది.

లెక్క చూడండి. ఎనిమిది టన్నుల్లో కప్పు బరువు ఒక టన్ను పోతే ఏడు, ఎనిమిది స్తంభాలకి పంచితే ఒక్కోటి తొమ్మిది వందల కేజీలు పైకి లాగుతుంది. రెండున్నర అడుగుల చదరం గొయ్యి నాలుగడుగుల లోతు తవ్వి కింద ఒక అడుగు మందం కాంక్రీటు పోసి, స్తంభం ఊచలు అందులోంచే లేపి, మీద మూడడుగులు మట్టి గట్టిగా దిమ్మిస్తే, ఆ కాంక్రీటు 400 కేజీల పైన, మీద మట్టి ఇంకో 800, కలిపి 1200 దాకా వస్తుంది. సరిపోతుంది. మూలలకి మూడడుగుల చదరం చెయ్యండి, అక్కడ లాగుడు ఎక్కువన్నాను కదా, అప్పుడు 1800 వస్తుంది. మీది ఇసుక నేల కాబట్టి గొయ్యి పూడ్చేటప్పుడు నీళ్ళు కొట్టి పొరలు పొరలుగా దిమ్మించకపోతే ఈ లెక్క కాగితం మీదే ఉంటుంది. ఇదంతా పైకి లాగుడు గురించే, పక్కకి తోసేది వేరే ఉంది, దానికి చివరి గళ్ళలో స్తంభాల మధ్య, కప్పు వాలులో కూడా ఇంటూ గుర్తులా క్రాస్ రాడ్లు పెట్టించాలి. డ్రాయింగు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి, ఒక రోజు పని ఆయనకి.

ఎలాగూ కొత్త స్తంభాలు వేస్తున్నారు కాబట్టి ఆకారం కూడా మార్చుకునే అవకాశం ఉంది. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు గాలికి చాలా మేలు, చివర ముక్కోణం గోడ ఉండదు కాబట్టి గాలి గుద్దుకునే చదును మొహం ఉండదు. మన పాతవాళ్ళకి ఇది తెలుసు. ఉత్తరాంధ్ర సముద్రం ఒడ్డు ఊళ్ళలో చుట్టిళ్ళు ఉండేవి కదా, గుండ్రటి గోడ, శంకువు లాంటి తాటాకు కప్పు, చూరు దాదాపు నేలకి తగిలేంత కిందికి. గాలికి పట్టు దొరకదు. వాటి మీద పాత వలలు పరిచి కట్టేవాళ్ళు మత్స్యకారులు, ఆకు లేవకుండా, అంతకంటే మంచి ఐడియా ఇప్పటి పుస్తకాల్లో కూడా లేదు. మనం డబ్బులొచ్చాక చదునుగా రేకు వేయడం మొదలుపెట్టాం. వాలు ఎంత అంటే 22 నుంచి 30 డిగ్రీల మధ్య, మేస్త్రి భాషలో పది అడుగుల అడ్డానికి నాలుగు నుంచి ఐదు ముప్పావు అడుగుల ఎత్తు. ఇప్పుడు ఫ్యాబ్రికేషన్ వాళ్ళు వేసేది పదికి ఒకటి, ఒకటిన్నర, రేకు ఆదా అవుతుందని. అంత చదును కప్పు మీదే లాగుడు ఎక్కువ.

చూరు బయటికి ఒకటిన్నర అడుగు దాటనివ్వకండి. ఎండకి నీడ కావాలంటే వసారా వేరే కట్టుకోండి, వేరే స్తంభాలతో, ఇంటి కప్పుకి అతక్కుండా. వసారా కిందికి గాలి దూరి పైకి తంతుంది, పైనుంచి లాగుతుంది, రెండూ కలుస్తాయి, కాబట్టి ముందు పోయేది అదే. విడిగా ఉంటే అది ఒక్కటే పోతుంది, ఇంటి కప్పుకి పొడిగించి వేస్తే పోతూ పోతూ ఇంటి రేకు అంచుని చింపుకుని పోతుంది.

సరే, ఇప్పుడు రేకులు.

సిమెంటు రేకు. ఉప్పుగాలికి తుప్పు పట్టదు, వేడి కాస్త తక్కువ, చవక, అందుకే మన ఊళ్ళలో అంత ఉంది. 6 ఎంఎం రేకు చదరపు మీటరుకి పదమూడు పధ్నాలుగు కేజీలుంటుంది, ఆ బరువు వల్ల కొంత సాయం. కానీ అది పగిలే వస్తువు. జే హుక్కు (రేకుని కింది పర్లిన్‌కి బిగించే వంపు బోల్టు) దగ్గర చిన్న బీట ఉంటే గాలికి అక్కడినుంచి చీలుతుంది, ఎక్కడినుంచో కొబ్బరికాయో మట్టో వచ్చి పడితే రంధ్రం, ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి దూరి మిగతా కప్పుని కిందనుంచి పైకి తంతుంది. కొబ్బరిచెట్ల మధ్య ఇంటికి నేను వెయ్యను. పైగా సిమెంటు రేకుల్లో, పాతవాటిలోనే కాదు కొత్తవాటిలో కూడా చాలావాటిలో, ఆస్బెస్టాస్ ఉంటుంది, పొడిగా కటింగ్ మిషన్ పెట్టి కోస్తే ఆ ధూళి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మా కుర్రాళ్ళని నేను తడిపి చేతి రంపంతోనే కోయిస్తా. పశువుల పాకకి వేసుకుంటే వేసుకోండి, పర్లిన్ల మధ్య 1.4 మీటర్లు దాటకుండా.

కలర్ రేకు, అంటే అల్యూమినియం జింకు పూత ఉన్న ఉక్కు రేకు మీద రంగు. అందరూ గాల్వాల్యూమ్ అనేది ఇదే, పూతలో 55 శాతం అల్యూమినియం, మిగతాది దాదాపు అంతా జింకు. మీ దూరానికి, రెండు కిలోమీటర్లు అన్నారు కాబట్టి, నా ఓటు దీనికే. అయితే కొనేటప్పుడు మూడు చూడండి. ఒకటి మందం, షాపువాడు 0.5 అంటాడు, అది పూత రంగు కలిపి మందమా, ఉక్కు మందమా అడగండి, మొత్తం 0.5 ఉంటే లోపల ఉక్కు 0.45 ఉంటుంది. మైక్రోమీటరు లేకపోతే తూకం వేయించండి, మామూలు వెడల్పు రేకు ఒక మీటరు పొడవు నాలుగున్నర కేజీలకి దగ్గర్లో తూగాలి, మూడున్నర తూగితే మీకు 0.4 అంటగట్టాడు. రెండు, పూత, చదరపు మీటరుకి 150 గ్రాములది అడగండి, దాన్ని ఏజెడ్ 150 అంటారు, బిల్లు మీద రాయించండి, ఇంకా తక్కువ గ్రాముల పూతలవి చవగ్గా దొరుకుతాయి, అవి సముద్రం ఒడ్డున నాలుగేళ్ళు. మూడు, వారంటీ కాగితం చదవండి, ఉప్పునీటికి ఇంత దూరం లోపు వర్తించదు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. గ్రైండరుతో కొయ్యనివ్వకండి, నిప్పురవ్వలు పడ్డ చోటల్లా పూత కాలి ఆర్నెల్లలో ఎర్రటి చుక్కలొస్తాయి, కత్తెర మిషన్‌తో కొయ్యమనండి. ఇంకో సంగతి, రేకు పైభాగం వానకి కడుక్కుపోతుంది, చూరు కింద భాగానికి వాన తగలదు, ఉప్పు అక్కడే పేరుకుని తుప్పు అక్కడే మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లు మోటారు పైపు పట్టి చూరు కింద మంచినీళ్ళు కొట్టిస్తే రేకు వయసు పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు.

అల్యూమినియం రేకు. సముద్రం కనపడేంత దగ్గర, అలల తుంపర తగిలే ఇళ్ళకి ఇదే మంచిది, తుప్పు అన్న మాట లేదు. ఖరీదు ఎక్కువ. కానీ మెత్తన, గాలి లాగితే స్క్రూ తల చుట్టూ చినిగి స్క్రూ అక్కడే ఉండి రేకు ఎగిరిపోతుంది. అందుకని కింద పర్లిన్లు దగ్గర దగ్గరగా, స్క్రూల కింద వెడల్పు వాషర్లు. ఇనప పర్లిన్ మీద నేరుగా ఆనకూడదు, మధ్యలో రబ్బరు టేపు వెయ్యాలి, రెండు లోహాలు ఉప్పు తడిలో కలిస్తే ఒకదాన్నొకటి తింటాయి. తడి సిమెంటు తగిలినా అల్యూమినియం పాడవుతుంది.

యూపీవీసీ రేకు గురించి ఈమధ్య బాగా ప్రచారం. ఉప్పుకి ఏమీ కాదు, చల్లగా ఉంటుంది, వాన చప్పుడు తక్కువ, అవన్నీ నిజమే. ఎండకి బాగా సాగుతుంది ముడుచుకుంటుంది, స్క్రూ బొక్క పెద్దగా పెట్టకపోతే అక్కడ బీటలు, కొన్నేళ్ళ ఎండ తర్వాత పెళుసెక్కుతుంది. నేను దాన్ని కారు షెడ్డుకి వేస్తా, అమ్మానాన్న పడుకునే గది మీద వెయ్యను. మధ్యలో వెలుతురు కోసం పారదర్శకం రేకు ఒకటి వేస్తారు, తప్పదంటే మధ్యలో వేయించండి, అంచు వరసలో మాత్రం వద్దు.

పెంకులే మళ్ళీ వేసుకోవచ్చా? వేసుకోవచ్చు, తప్పు కాదు. కలప బాగుంటే, ప్రతి పెంకునీ రాగి తీగతోనో స్టెయిన్‌లెస్ తీగతోనో రీపరుకి కట్టించి, అంచు రెండు వరసలు, కొప్పు వరస సిమెంటుతో బిగించి, దూలాలని గోడకి కాకుండా కొత్త స్తంభాలకి పట్టీలతో బిగిస్తే అది రేకు కంటే ఏమాత్రం తక్కువ కాదు. ఇప్పుడా పని చేసేవాళ్ళు దొరకడమే కష్టం.

స్క్రూల దగ్గరికి వస్తాను, ఇక్కడ కాస్త ఓపికపట్టండి. ఆస్ట్రేలియాలో డార్విన్ అని ఊరుంది, 1974 క్రిస్మస్ ముందురోజు రాత్రి ట్రేసీ అనే తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టేసింది. చాలా ఇళ్ళవి స్క్రూలు కొట్టిన రేకు కప్పులే. తర్వాత ఇంజనీర్లు పరిశీలిస్తే తేలిందేమిటంటే, గాలి ఒక్కసారి లాగి తెంపలేదు, గంటల తరబడి లాగి వదిలి లాగి వదిలి చేసేసరికి స్క్రూ చుట్టూ రేకు అలిసిపోయి సన్నగా బీటలు తీసింది, ఇనప తీగని అటూ ఇటూ వంచితే తెగుతుంది చూడండి అలా. ఒక రేకు పోతే పక్క రేకు మీద భారం పడి అదీ పోయింది. అప్పటినుంచే స్క్రూ తల కింద రేకు ఉబ్బు ఆకారంలో ఉండే వెడల్పు లోహపు వాషరు వాడకం మొదలైంది, సైక్లోన్ వాషర్ అంటారు. మన దగ్గర అడిగితే తెప్పిస్తారు. అన్ని చోట్లా అక్కర్లేదు, చుట్టూ అంచు వరసలకీ, మూలలకీ, కొప్పుకీ చాలు.

స్క్రూ 5.5 ఎంఎం సెల్ఫ్ డ్రిల్లింగ్, ఈపీడీఎం రబ్బరు వాషరుతో. మామూలు జింకు మెరుపు స్క్రూ మీ ఊళ్ళో రెండు వానాకాలాల్లో తల ఊడుతుంది, తుప్పుకి ఆగే మందపు పూత ఉన్నవి అడగండి. అంచుల్లో, మూలల్లో, కొప్పు పక్కన ప్రతి ఉబ్బుకీ ఒకటి, మధ్యలో ఉబ్బు విడిచి ఉబ్బుకి. మామూలుగా కుర్రాళ్ళు రేకుకి మూడు కొట్టి దిగిపోతారు, మీరు కింద నిలబడి లెక్కపెట్టండి, సిగ్గుపడకండి. రబ్బరు కొద్దిగా ఉబ్బేదాకే బిగించాలి, పూర్తిగా నలిపేస్తే ఏడాదికి పగిలి కారుతుంది. పర్లిన్లు మధ్యలో నాలుగడుగులకి ఒకటి, చూరు దగ్గరా కొప్పు దగ్గరా రెండడుగులకి. పర్లిన్‌ని ట్రస్సుకి ఒక చుక్క వెల్డింగుతో వదిలేస్తారు, అది నేను ఒప్పుకోను, క్లీటు (చిన్న యాంగిల్ ముక్క) పెట్టి రెండు బోల్టులు వెయ్యాలి. వెల్డింగు చేసిన చోట పూత కాలిపోతుంది కదా, తుప్పు అక్కడే పట్టి మీరు చూడని చోట మూడేళ్ళలో తినేస్తుంది. వెల్డింగు తప్పని చోట ఆ రోజే జింకు పెయింటు కొట్టించండి.

ఇంకా డబ్బు పెట్టగలను అంటే డాబా. ఐదంగుళాల శ్లాబు చదరపు మీటరుకి 300 కేజీలు, గాలి మధ్యలో 150 లాగుతుంది, మూలల్లో 250, 300. అందుకే తుపానుకి శ్లాబు లేచిందని ఎవరూ చెప్పరు. మీ మట్టి గోడల మీద మాత్రం వెయ్యలేరు, పిల్లర్లతో లేపాలి. సముద్రం దగ్గర శ్లాబుకి శత్రువు ఉప్పు, గాలి తర్వాత. సముద్రపు ఇసుక ఒక్క తట్ట కూడా వాడకండి. కోస్తా గాలి నేరుగా తగిలే చోట ఎం30 రకం కాంక్రీటు, ఊచకి 45 ఎంఎం కవరు (ఊచ మీద కాంక్రీటు మందం) అని కాంక్రీటు కోడు ఐఎస్ 456 చెప్తుంది, మన మేస్త్రీలు పెట్టేది ముప్పావు అంగుళం, పదిహేనేళ్ళకి సీలింగు పెచ్చులు ఊడి ఊచలు కనిపించేది అందుకే.

మొత్తం ఇల్లు డాబా చెయ్యలేకపోతే నా మాట విని ఒక్క గది చెయ్యండి. పది పన్నెండు అడుగుల గది, నాలుగు పిల్లర్లు, పైన శ్లాబు, గట్టి తలుపు, చిన్న కిటికీ. మిగతాదంతా రేకు. ఆ రాత్రి అమ్మానాన్న ఆ గదిలో కూర్చుంటే రేకు ఉందా పోయిందా అని మీరు హైదరాబాదులో కూర్చుని భయపడక్కర్లేదు. తిత్లీ తర్వాత నేను వేసిన ఇళ్ళలో సగానికి పైగా ఇలాగే వేశాను, ముందు బాత్రూమయినా శ్లాబు చేద్దాం అని మొదలుపెట్టి గది దాకా వచ్చినవాళ్ళున్నారు.

కప్పు మీద ఇసుక బస్తాలు, రాళ్ళు పెట్టడం గురించి మీ నాన్నగారు అడిగారని రాశారు. తాటాకు పాకకి వల కట్టడం వేరు, రేకు మీద బస్తా వేరు. ముప్పై కేజీల బస్తా, లాగేది చదరపు మీటరుకి 150. రేకు పోతే పోతుంది, ఆ రాయి ఎవరి మీద పడుతుందో తెలీదు. దాని బదులు తుపాను హెచ్చరిక రాగానే ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు నిండా నింపేయండి, ఖాళీ ట్యాంకు బుడగలా ఎగురుతుంది, హుద్‌హుద్ అప్పుడు విశాఖలో వీధుల నిండా అవే. డిష్ దించేయండి, ఇంటి పక్క కొబ్బరిచెట్లకి ఎండుమట్టలు, గెలలు దింపించండి. కిటికీలు తలుపులు అన్నీ మూసి గడియలు పెట్టాలి. గాలి పోవడానికి ఒకటి తెరిచి ఉంచాలి అని చెప్పేవాళ్ళుంటారు, వినకండి, గాలి లోపలికి దూరితే కప్పుని కిందనుంచి తన్నేది అదే. హుద్‌హుద్‌లో విశాఖ ఎయిర్‌పోర్టు టెర్మినల్ అద్దాలు, పైకప్పే దెబ్బతిన్నాయి, మన తలుపు గడియ ఎంత.

తెలంగాణ వాళ్ళు కూడా ఇది చదువుతుంటే, మీకు తుపాను లేదు కాబట్టి ఇది మీకు కాదు అనుకోకండి, మే నెల గాలివానకి డాబా మీద వేసిన పైపుల రేకుల షెడ్డు లేచి పక్కింటి మీద పడటం ఏటా చూస్తున్నదే. అక్కడ కూడా తప్పు ఒకటే, శ్లాబులో రెండంగుళాల యాంకర్ బోల్టు.

బ్రదర్, మీరు అక్టోబరు లోపు పని అవ్వాలంటే ఇప్పుడే గొయ్యిలు తవ్వించాలి, వానల్లో ఇసుకనేలలో గొయ్యి నిలవదు. రేకు ఆఖర్న కొనండి, ఇప్పుడు కొట్టుకి వెళ్ళకండి. ముందు ఒక పని చెయ్యమని నాన్నగారికి చెప్పండి, గోడకి లోపలివైపు మోకాలి ఎత్తులో అరచేయంత పూత రాల్చి, ఇటుకల మధ్య సందులో పెద్ద మేకుతో గీకమనండి. పొడిగా మట్టి రాలితే స్తంభాల దారి, మేకు జారి గీత మాత్రం పడితే సిమెంటు, బెల్టు దారి. ఆ ఫొటో, దూలం గోడ మీద ఆనిన చోట ఒక ఫొటో, రెండూ పెట్టండి, ఎన్ని స్తంభాలు ఎక్కడెక్కడ అన్నది గీసి పంపిస్తాను.